మరుగుజ్జుల పేర్ల చిట్టా

టోల్కీన్ నవల ‘హాబిట్’ (1937) చదివాక, పాత నార్స్ (మధ్యయుగపు స్కాండినేవియా భాష) కవిత ‘వోలుస్పా’ చదివితే భలే తమాషాగా ఉంటుంది. లోకం పుట్టుక, వినాశం చెప్పే కవిత మధ్యలో ఆగి మరుగుజ్జుల పేర్లు ఏకరువు పెడుతుంది: దురిన్, బిఫుర్, బోఫుర్, బోంబుర్, నోరి, థోరిన్, ఫీలి, కీలి... టోల్కీన్ మరుగుజ్జులు దాదాపు అందరూ ఇక్కడే దొరుకుతారు, బాలిన్ మాత్రం లేడు. ‘ఓక్ డాలు’ అర్థమొచ్చే ఐకిన్‌స్క్యాల్ది అక్కడ వేరే మరుగుజ్జు. ‘హాబిట్’లో ఆ పేరు థోరిన్‌కి బిరుదయింది.

‘హాబిట్’లోని మాంత్రికుడు గాండాల్ఫ్ పేరు కూడా ఈ చిట్టాలోదే! పేరులో ‘మంత్రదండం’, ‘ఎల్ఫ్’ (మరుగుజ్జులు కాని వేరే జాతి) ఉన్నాయి, మరుగుజ్జుకి అదేం పేరో! తొలి చిత్తులో టోల్కీన్ కూడా దాన్ని మరుగుజ్జుల పెద్దకే పెట్టి, తర్వాత మాంత్రికుడికి మార్చాడు.

ఇక డ్రాగన్. నార్స్ గాథల్లో డ్రాగన్ ఫాఫ్నిర్ పాకే దారిలో వీరుడు సిగుర్డ్ గొయ్యి తవ్వి, కింద నుంచి పొడుస్తాడు. ‘హాబిట్’ డ్రాగన్ స్మాగ్‌కీ కవచంలో ఛాతీ కిందే కన్నం.