ముల్లు ఎందుకు లేవలేదంటే

అమ్మ పాలగిన్నె ఇంకా తొట్టి పక్కనే ఉంది. తెల్లారేసరికి చింతపండుతో తోమి పెట్టకపోతే టీ ఉండదని తీర్పు వచ్చింది.

అందులో నేను ఉడకబెట్టింది బండికి కొన్న కొత్త థర్మోస్టాట్ వాల్వును, ఇంజిన్ కాగేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపేది. బిగించే ముందు అది తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి కదా. దారం కట్టి నీళ్లలో వేలాడదీశాను. దాని మీద 82 అని చెక్కి ఉంది, అన్ని డిగ్రీల దగ్గర తెరుచుకోవాలని. నీళ్లు బాగా కాగాక లోపలి మైనం కరిగి ఉబ్బి, బిళ్ల మెల్లగా నోరు తెరిచింది. చిన్నది చప్పట్లు కొట్టింది. ఈ రోజు బాగున్నది అంతవరకే.

పొద్దున రేడియేటర్ హోసు కారుతోందని దగ్గరలోని షెడ్డుకు వెళ్లాను. కుర్రవాడు హోసు ఊడదీసి, లోపలికి తొంగి చూసి, "అన్నా, ఇందులో వాల్వే లేదు" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. నాకు మాత్రం నెత్తిన నీళ్లు కుమ్మరించినట్టయింది.

ఎందుకో మీకు తెలుసు. ఈ బండి వేడెక్కదని ఎన్నిసార్లు గొప్పలు చెప్పలేదు! ఏనుమాముల మార్కెట్లో మిరప బస్తాలు దింపేటప్పుడు కొత్త బండ్ల వాళ్లను ఆపి మరీ చూపించేవాడిని: 2003 నాటి ఇంజిన్, కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు, డీజిల్ పంపు కూడా పాతరకం, మే నెల ఎండలో కూడా ఇంజిన్ వేడి చూపే ముల్లు పావువంతు దాటదు. దాటదు మరి. ఆపే వాల్వు లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌కు పోతాయి. ఇంజిన్ కాగేదెప్పుడు? మా ఇంటి నుంచి మార్కెట్ ఎనిమిది కిలోమీటర్లు. అది కాగేలోపు నేను దిగిపోతాను.

చలికాలం పొద్దున వచ్చే ఆ పొగకు, తాగే డీజిల్‌కు వయసే కారణమనుకున్నాను. చల్లటి ఇంజిన్‌లో డీజిల్ పూర్తిగా కాలదట. మిగిలినది సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ కిందికి జారి, ఆయిల్‌ను పలుచన చేస్తుందట. పిస్టన్ రింగులు అరిగేది అలాగే. కొత్త బండిలో ఇలా జరిగితే ఏదో ఒక దీపం వెలిగి చెప్పేదేమో. నా దానికి ఉన్నది ఒక్క ముల్లు. అది ఇన్నేళ్లూ నిజమే చెబుతోంది, నేనే మెచ్చుకోలుగా తీసుకున్నాను.

అక్కడే నిలబడి పాత మేస్త్రీకి ఫోను చేశాను. ఇన్నేళ్లు హెడ్ విప్పినా, పంపు విప్పినా ఆయన చేతే. "ఇంజిన్‌ను తినేశారు కదా అన్నా" అన్నాను. ఇంకా రెండు మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆయన అంతా విని, "సరే తమ్ముడూ" అని పెట్టేశాడు. తప్పు ఒప్పుకున్నాడనుకున్నాను.

రాత్రి అన్నాల దగ్గర ఈ కథంతా చెబుతుంటే బాపు పప్పు కలుపుకుంటూ, తల ఎత్తకుండా, "తీసేయమన్నది నేనే" అన్నాడు.

2012 మేడారం. అమ్మ ముందు సీట్లో, ఒళ్లో బంగారం. బెల్లం అంటే అలుగుతుంది, జాతరకు వెళ్లేటప్పుడు అది బంగారమే. వెనుక పదిహేను మందిమి, రెండు మేకలు, కట్టెలు, బిందెలు. ములుగు దాటాక బండ్లన్నీ నత్తల్లా పాకుతున్నాయి. ముల్లు లేస్తోందని నేనే చూశాను. బాపుకు చెబితే, "ముందు బండి కదలనీ" అన్నాడు. ఆ తరువాత తెల్లటి పొగ, బుస్సుమని ఆవిరి. రేడియేటర్ మూత మీద ఎవరో చెయ్యి వేయబోతే బాపు అరిచిన అరుపు మేకలు కూడా మరచిపోయి ఉండవు. ట్రాక్టరుకు తాడు కట్టి ములుగుకు లాక్కొచ్చాం. ఆయిల్ చూస్తే అచ్చం పాలు పోసిన టీ. నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయింది. కారణం మూసుకుపోయి తెరుచుకోని ఈ వాల్వే. సమ్మక్క గద్దెకు వచ్చే రోజంతా మేము వేపచెట్టు కింద కూర్చున్నాం. అమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మొహం తిప్పుకుంటుంది.

అందుకని పీకించేశాడు. మరునాడే, ములుగులోనే, మేస్త్రీని పిలిపించి. వద్దని ఆయన రెండుసార్లు చెప్పాడట కూడా.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు బాపు మీద కోపంగా ఉంది. ఇప్పుడు అంత లేదు. ఆ తరువాత ఈ బండి ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. నాలుగు లక్షల కిలోమీటర్ల దగ్గర మీటరే ఆగింది. సిలిండర్లు అరిగి బోరుకు రావాల్సిన ఇంజిన్ ఇంకా బస్తాలు లాగుతోంది. ఇంత అన్యాయం చేసినా నడిచిందంటే ఆ ఇనుము గట్టిదా, లేక బాపు పెట్టిన భయం మంచిదా? వాల్వు ఉండి ఉంటే ఇంకో రెండు లక్షలు నడిచేదేమో. లేదా ఇంకోసారి వేపచెట్టు కింద కూర్చునేవాళ్లమేమో.

నన్ను తొలుస్తున్నది అసలు అది కాదు, ఆ "సరే తమ్ముడూ". మీ నాన్ననే అడుగు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఇప్పుడు ఫోను చేద్దామంటే పదకొండున్నర.

వాల్వు డబ్బా టీవీ మీద ఉంది. పడుకోవడానికి వెళ్తూ బాపు దాన్ని చేత్తో తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టి, "ఇది బిగిస్తే వచ్చే జాతరకు నేను బస్సులో వెళ్తాను" అన్నాడు.