ముసురు పట్టాక లవ్‌బర్డ్స్‌కి కుండ కట్టే ముందు

నెల్లూరు జిల్లాలో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎండ తగ్గింది కదా అని లవ్‌బర్డ్స్ పెంచేవాళ్లు చాలామంది గుడ్లు పెట్టడానికని పంజరంలో కుండ కట్టేదీ అప్పుడే. (మన ఊళ్లలో లవ్‌బర్డ్స్ అనేది నిజానికి బడ్జీలని. ఆస్ట్రేలియా పిట్టలు, 30 నుంచి 40 గ్రాముల బరువు.) వారం పది రోజులు ఎండ పొడ లేకుండా, ఒట్టి కొర్రలు తింటూ, రోజు మార్చి రోజు గుడ్డు పెట్టే ఆడపిట్టకి గుడ్డు అడ్డం పడిందంటే, అంటే బయటికి రాక లోపలే ఇరుక్కుందంటే, కారణం కోసం దూరం వెళ్లక్కర్లేదు. ఎక్కువసార్లు కాల్షియం లోపమే.

ఒక విడతకి 4 నుంచి 6 గుడ్లు. పెంకుకి కావాల్సిన కాల్షియం కొంత తిండి నుంచి, కొంత పిట్ట ఎముకల్లోంచి వస్తుంది. రక్తంలో కాల్షియం పడిపోతే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. పెంకు మెత్తగా తయారవుతుంది, దాన్ని బయటికి నెట్టాల్సిన కండరం బిగుసుకోలేదు. అందుకే మెత్తటి గుడ్డే గట్టి గుడ్డు కంటే ఎక్కువగా ఇరుక్కుంటుంది.

తిండి సంగతి చూడండి. మెట్ట పొలాల్లో పండే కొర్రలు, వరిగలు, సజ్జలు పిట్టకి ఇష్టమే. కానీ కొర్రల్లో కాల్షియం 100 గ్రాములకి 30 మిల్లీగ్రాముల చుట్టూనే, ఫాస్ఫరస్ మాత్రం దానికి ఎన్నో రెట్లు. కావాల్సింది దీనికి తలకిందులు: ఫాస్ఫరస్ ఒక వంతైతే కాల్షియం దాదాపు రెండు వంతులు. చిరుధాన్యాల్లో రాగి ఒక్కటే వేరు, 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. రాత్రి నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలక తెల్లగా కనిపించాక కడిగి జతకి ఒక చెంచా పెట్టండి. నాలుగు గంటల తర్వాత మిగిలింది తీసెయ్యాలి, ముసురు రోజుల్లో బూజు తొందరగా పడుతుంది. లేత మునగాకు ఒక రెబ్బ రోజూ ఇవ్వొచ్చు. పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు.

చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. కాల్షియం పొడి తెచ్చి పొడి గింజల మీద చల్లుతారు. బడ్జీ ప్రతి గింజనీ పొట్టు వలిచి తింటుంది, పొడి పొట్టుతోపాటు కింద రాలిపోతుంది. పొడి ఏదైనా తడి తిండిలోనే కలపాలి. ఉడికించిన గుడ్డు సొనలో, మొలకల్లో చిటికెడు, వారానికి మూడుసార్లు. కోడిగుడ్డు పెంకైతే పది నిమిషాలు మరిగించి, లోపలి పొర తీసి, ఎండబెట్టి మెత్తగా నూరుకోండి. ఒక్క పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, ఒక జతకి వారాల తరబడి వస్తుంది.

దీనికంటే తేలికైన దారి సముద్రపు నురుగు. ఆయుర్వేద మూలికల అంగట్లో ఈ పేరుతో దొరికేది కటిల్‌ఫిష్ అనే సముద్రపు జీవి ఎముకే. ముక్కగా ఉన్నదే కొనండి, పొడి వద్దు, అందులో ఏం కలిసిందో తెలియదు. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఏరుకున్నదైతే ఉప్పు, నీచు పోయేదాకా మంచినీళ్లు మారుస్తూ నాలుగైదు రోజులు నానబెట్టి, పది నిమిషాలు మరిగించి, గలగల ఎండాక వాడండి. మెత్తటి వైపు పిట్ట వైపుకి తిప్పి తీగతో కట్టాలి. గట్టి వైపు ముందుకి కడితే పిట్ట ముట్టుకోదు, మనం దానికి ఇష్టం లేదనుకుంటాం.

తాంబూలం సున్నం మాత్రం ఎప్పుడూ పెట్టకండి. పెంకులోది కాల్షియం కార్బొనేట్, తడి సున్నం ఘాటైన క్షారం, పిట్ట నోరు, గొంతు కాల్చేస్తుంది.

ఎంత పెట్టినా ఎండ లేకపోతే ఒంటికి పట్టదు, విటమిన్ డి కావాలి. మబ్బు విడిచిన రోజు పొద్దున అరగంట పంజరాన్ని ఆరుబయట పెట్టండి, సగం నీడలో ఉండేలా. దగ్గర మనిషి ఉండాలి, కాకి, పిల్లి కాచుకునే ఉంటాయి. గాజు కిటికీ వెనక ఎండ లెక్కలోకి రాదు, పనికొచ్చే కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. ఎండ లేదని పిల్లల కాల్షియం సిరప్ అంచనాగా పోస్తే డి మోతాదు మించి కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టరు చెప్పిన కొలతే వాడాలి.

గుడ్డు అడ్డం పడితే పిట్ట ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కాళ్లు ఎడంగా పెట్టి కూర్చుంటుంది. ఊపిరికి తోక కిందికీ పైకీ ఊగుతుంది, రెట్ట ఆగిపోతుంది, ఒక్కోసారి కాలు చచ్చుబడుతుంది. వెంటనే చిన్న అట్టపెట్టెలోకి మార్చి, ఒక పక్క 40 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బుతో 30 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం ఇవ్వండి, రెండో పక్క పిట్ట జరగడానికి చల్లగా ఉండాలి. లోపల తడిగుడ్డ ఒకటి. కరెంటు పోతే తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసా. ఆముదం పూయొద్దు, ఈకలు తడిసి ఉన్న వేడి కూడా పోతుంది, లోపలి గుడ్డుకి అది చేరదు. పొట్ట నొక్కొద్దు. గుడ్డు లోపల పగిలితే పెంకు ముక్కలు కోసేస్తాయి. నీరసంగా ఉన్న పిట్ట నోట్లో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రెండు మూడు గంటల్లో గుడ్డు రాకపోయినా, పిట్ట మొదటే వాలిపోయినా అదే పెట్టెతో ఆసుపత్రికి తీసుకెళ్లండి. పశువుల డాక్టర్లందరూ పిట్టల్ని చూడరు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఒక దారి. చివరి గుడ్డు ఎప్పుడు పెట్టింది, ఏం తింటోంది రాసుకెళ్లండి. కాల్షియం ఇంజెక్షన్‌తోనే చాలా పిట్టలు గుడ్డు పెట్టేస్తాయి. ఎక్స్‌రేలో గుడ్డు కనపడకపోతే లేనట్టు కాదు, పెంకు కట్టని గుడ్డు అందులో సరిగా తెలియదు.

బతికిన పిట్టకి ఆ ఏడాది మళ్లీ కుండ కట్టకండి. లైటు వెలుతురు కలుపుకుని రోజుకి 9, 10 గంటలు చాలు, మగపిట్టని వేరే పంజరంలోకి మార్చండి. పెట్టిన గుడ్లు ఉంటే వెంటనే తీసెయ్యొద్దు, పోయిన వాటి బదులు మళ్లీ పెడుతుంది. మూడు వారాలు పొదగనిచ్చి, తనంతట తాను వదిలేశాక తీయండి.