చెప్పు చక్రాల బండి

మా వాడికి ఏడేళ్ళు. కిందటి నెల కొన్న రిమోట్ కారు నాలుగో రోజుకే ఆగిపోయింది. విప్పి చూద్దామంటే ఎక్కడా స్క్రూ లేదు, అంతా అతికించేశారు. నాకు కోపం వచ్చింది, వాడికి ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున్నే అరిగిపోయిన హవాయి చెప్పు, టూత్‌పేస్ట్ అట్టపెట్టె, కొబ్బరి చీపురు పుల్లలు, జ్యూస్ స్ట్రా ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. చెప్పు మీద మందు సీసా మూత పెట్టి వాడు నాలుగు సున్నాలు గీశాడు. కోసే పని నాది. కత్తిని నీళ్ళలో తడిపి కోస్తే రబ్బరు పట్టేయకుండా సాఫీగా తెగుతుంది. పెట్టె అడుగున రెండు స్ట్రా ముక్కలు అంటించి, వాటిలోంచి పుల్లలు దూర్చి, చివర్లకి చక్రాలు గుచ్చాం. చక్రం పుల్లని గట్టిగా పట్టుకోవాలి, పుల్ల మాత్రం స్ట్రాలో వదులుగా తిరగాలి. అంతే కిటుకు.

తోస్తే బండి కుంటింది. బెజ్జాలు కంటి అంచనాతో పెట్టాను మరి. అప్పుడు అదే మూతతో కాగితం మీద గీసి, కత్తిరించి, సగానికీ మళ్ళీ సగానికీ మడత పెట్టమన్నాను. విప్పాడు. రెండు గీతలు కలిసిన చోట వేలు పెట్టి, "నాన్నా, నడిమధ్య ఇదే!" అన్నాడు. ఆ గొంతు ఇంకా నా చెవుల్లోనే ఉంది. కొత్త చక్రాలతో బండి హాల్లోంచి వంటింటి గడప దాకా తిన్నగా వెళ్ళింది.

కోనసీమలో మా చిన్నప్పుడు ఎండాకాలమంతా ముంజకాయల బండే. ముంజలు తినేశాక మిగిలిన రెండు బుర్రల్ని ఒక పుల్లతో కలిపి, పంగల కర్రతో తోసుకుంటూ చెరువు గట్టు దాకా పరిగెత్తేవాళ్ళం. ఎవరూ నేర్పలేదు, పెద్దపిల్లల్ని చూసి చేసేవాళ్ళం.

పారేసే వస్తువులతో అరవింద్ గుప్తా గారు చేసే ఆటబొమ్మలు చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఈ ఇంజినీరు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లల్ని కలిపి పిల్లలకి జామెట్రీ చూపించారు. 2018లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మా వాడితో ఆ అగ్గిపుల్లల ఆకారాలూ చేయించాను. చతురస్రాన్ని నొక్కితే పక్కకి వాలిపోయింది, త్రిభుజం కదల్లేదు. వాడు పదిసార్లు నొక్కి చూశాడు.

నిన్న సాయంత్రం ఇంటికొచ్చేసరికి సోఫా కింద ఇంకో బండి ఉంది. అట్టముక్కలతో కత్తిరించిన చక్రాలు, ఒకటి పెద్దది, మూడు చిన్నవి. సరిచేద్దామని చెయ్యి పెట్టబోతే, "నువ్వు ముట్టుకోకు నాన్నా, నేనే చేసుకుంటా" అన్నాడు.