ఈల గుర్తుకి వేసిన ఓటు

పోయిన నెల మా అమ్మాయిని డాలస్‌లోని పెరో మ్యూజియంకి తీసుకెళ్ళాను. డైనోసార్ ఎముకలన్నీ చూసి బయటికొస్తూ, "అమ్మా, పెరో అంటే సైంటిస్టా?" అని అడిగింది. కాదమ్మా, అధ్యక్ష పదవికి పోటీ చేసిన వ్యాపారి అన్నాను. "రిపబ్లికనా? డెమొక్రాటా?" రెండూ కాదంటే నమ్మలేదు. పదకొండేళ్ళకే దాని బుర్రలో రెండు గళ్ళే ఉన్నాయి.

1992లో రాస్ పెరో ఏ పార్టీ లేకుండా నిలబడ్డాడు. సొంత డబ్బుతో టీవీలో అరగంట చొప్పున టైమ్ కొని, చార్టులు చూపించి దేశం అప్పుల లెక్క చెప్పాడు. జూలైలో తప్పుకుని అక్టోబరులో మళ్ళీ వచ్చినా దాదాపు 19 శాతం, అంటే కోటీ 97 లక్షల ఓట్లు పడ్డాయి. మెయిన్ రాష్ట్రంలోనైతే పదవిలో ఉన్న బుష్‌ని మూడో స్థానానికి నెట్టాడు. ఏ రాష్ట్రంలోనూ మొదటి స్థానం రాలేదు కాబట్టి, రాష్ట్రాలవారీగా గెలిచినవాళ్ళకి దక్కే, అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు సున్నా. 1996లో డిబేట్లకి పిలవనే లేదు. 2000 నుంచి సర్వేల్లో 15 శాతం వస్తేనే డిబేట్‌కి రానిస్తామన్నారు. టీవీలో కనబడనివాడికి ఆ 15 శాతం ఎక్కణ్ణించి వస్తుంది?

2020లో అమెరికాలో నా మొదటి ఓటు. టెక్సాస్ బ్యాలెట్‌లో ట్రంప్, బైడెన్ కింద చిన్న పార్టీల జో జోర్గెన్సన్, హౌవీ హాకిన్స్ పేర్లున్నాయి. నలుగురి గురించీ చదువుకునే వెళ్ళాను. మూడో పేరు దగ్గర ఆగిపోయాను. "ఓటు మురిగిపోతుంది, ఆలోచించుకో" అని కారులో మావారన్న మాట. ఫ్లోరిడా కూడా గుర్తొచ్చింది. 2000లో అక్కడ జూనియర్ బుష్ మెజారిటీ 537, గ్రీన్ పార్టీ నేడర్‌కి పడ్డవి 97 వేల పైచిలుకు. డెమొక్రాట్ అభ్యర్థి గోర్ ఓటమి నింద అంతా నేడర్ మీదే పడింది. టెన్షన్‌తో పెద్ద పార్టీకే వేసి వచ్చేశాను. ఇప్పటికీ బాధగానే ఉంది.

ఎందుకంటే 2009లో కూకట్‌పల్లిలో నాకు ఆ భయం లేదు. మా ఇంటి ఓనరు ఆంటీ కూడా "మురిగిపోతుందమ్మా" అనే అన్నారు. అయినా ఈల గుర్తుకే వేశాను. లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ గారు గెలిచారు. ఆ పార్టీకి రాష్ట్రం మొత్తంలో వచ్చింది ఆ ఒక్క సీటే.

నా దృష్టిలో తప్పు ఓటరుది కాదు, లెక్కపెట్టే పద్ధతిది. మెయిన్‌లో ఇప్పుడు అభ్యర్థులకి 1, 2, 3 అని ర్యాంకులు ఇస్తారు. ఎవరికీ సగం దాటకపోతే ఆఖరున ఉన్నవాళ్ళని తీసేసి, వాళ్ళ ఓట్లని రెండో ఎంపికకి కలుపుతారు. 2018లో జేరెడ్ గోల్డెన్ మొదటి లెక్కలో వెనకబడి, స్వతంత్రుల ఓటర్ల రెండో ఎంపికతో అమెరికా కాంగ్రెస్‌కి, అంటే ఇక్కడి పార్లమెంటుకి, గెలిచాడు. 2020 నుంచి అధ్యక్ష ఎన్నికకీ అక్కడ ఇదే పద్ధతి.

ఆదివారం మా స్టేట్ రిప్రజెంటేటివ్‌కి దీని గురించి రెండు పేజీల ఉత్తరం రాశాను. కవరు మీద స్టాంపు మా అమ్మాయే అంటించింది.