నోమాక్ కోసం చూడాలె

రెండో భాగాలు మొదటిదాని పేరు మీద బతుకుతయి అంటరు. హాలీవుడ్ సినిమా బ్లేడ్ టూ విషయంల నేను ఒప్పుకోను. బ్లేడ్ అంటే సగం మనిషి, సగం పిశాచం, రక్తపిశాచాలను వేటాడే హీరో. 1998ల వచ్చిన మొదటిది మంచి సినిమానే. నైట్ క్లబ్బుల పైనుంచి రక్తం కురిసే ఆ సీను ఎవరూ మర్చిపోరు. కానీ 2002ల డైరెక్టర్ గియెర్మో డెల్ టోరో చేతికి వచ్చినంకనే ఈ కథకు ప్రాణం వచ్చింది. ఆయన హీరో కంటె రాక్షసుని మీద ఎక్కువ మనసు పెట్టిండు.

నాది హన్మకొండల మిక్సింగ్ యూనిట్. పెండ్లి వీడియోలు చేస్తం. మూఢం వచ్చిందంటే పెండ్లిల్లు ఉండయి, సిస్టంలన్నీ ఖాళీ. మా బావ అమెరికా నుంచి తెచ్చిన ఈ రెండు డిస్కుల డీవీడీని గట్లాంటి మూఢంలనే పెట్టుకున్న. డీవీడీలకు ఏ దేశంల నడవాల్నో చెప్పే రీజియన్ కోడ్ ఉంటది. అక్కడి డిస్కులు రీజియన్ వన్, మన ప్లేయర్లు రీజియన్ ఫైవ్. ఇంట్ల టీవీ కింద ఉన్నదాంట్ల నడవది. కంప్యూటర్ డ్రైవుకైతే రీజియన్ మార్చుకోవచ్చు, అదీ ఐదు సార్లే. అందుకని ఒక పాత డ్రైవును ఈ డిస్కులకే వదిలేసిన.

రాత్రి నాయిన టిఫిన్ డబ్బా తెచ్చి, అట్లనే పక్కన కూసున్నడు. ఆయనకు ఇంగ్లిష్ రాదు, నేను చెప్పుకుంట పోయిన. రక్తపిశాచాలకు ఎల్లిపాయ పడదు, వెండి పడదు, ఎండ పడదు. ఈ సినిమాల రీపర్లని కొత్త జాతి పుడ్తది. వాటికి ఎల్లిపాయ లెక్క లేదు, వెండి లెక్క లేదు, గుండె చుట్టూ బొక్క కట్టుకొని ఉంటది. ఎండకే అవి తట్టుకోవు. మనుషులనే కాదు, పిశాచాలను కూడా తింటయి. ఇగ పిశాచాల పెద్ద దమాస్కినోస్ గతిలేక తమ శత్రువైన బ్లేడ్‌నే సాయం అడుగుతడు. బ్లేడ్‌ను చంపెతందుకు తయారైన గుంపే ఇప్పుడు అతని ఎంట నడవాలె. వాళ్లల్ల ఎదురు తిరిగే రైన్‌హార్ట్ తల ఎనుక బ్లేడ్ బాంబు అతికిస్తడు చూడుండ్రి, నాయిన చప్పట్లు కొట్టిండు.

ఆ రీపర్లల్ల మొదటోడు నోమాక్. ల్యూక్ గాస్ చేసిండు. దమాస్కినోస్ కొడుకే అతను, తండ్రి చేసిన ప్రయోగంల అట్ల తయారైండు. ఈ సంగతి చెప్పంగనే నాయిన తినుడు ఆపిండు.

"కన్నతండ్రే చేసిండా?"

"అవు నాయినా. తన జాతిని ఇంకా బలంగ చేద్దామని."

"మరి గా పోరని తప్పేమున్నదిరా?"

సినిమా మొత్తం నిలబడ్డది ఈ ప్రశ్న మీదనే. నోమాక్ వచ్చేది లోకాన్ని ఏలెతందుకు కాదు, తండ్రిని అడుగుడానికి. ఆఖరి కొట్లాటల బ్లేడ్ కత్తి దిగబడితే, దాన్ని తనే ఇంకింత లోపలికి నూక్కుంటడు. చెల్లె నిస్సా కథ కూడా అంతే బాధ. అన్న కాటుకు గురైన ఆమె రీపర్‌గ మారకముందే పొద్దుపొడుపు చూస్త అంటది. బ్లేడ్ ఎత్తుకపోతడు. విజిల్ వేయించుకునే సినిమా ఇట్ల ముగుస్తదని థియేటర్ల కూసున్నోడు ఎవడనుకుంటడు?

నోమాక్ గదవ రెండు పక్కలకు చీలి, లోపలి నుంచి కొండి లెక్క నాలుక బయటికొచ్చే షాట్‌ను నేను ఫ్రేము తర్వాత ఫ్రేము చూసిన. ముఖం మీద మేకప్ స్టీవ్ జాన్సన్ టీముది, గ్రాఫిక్స్ టిపెట్ స్టూడియోది. ఎక్కడ మేకప్ అయిపోయి గ్రాఫిక్ మొదలైతదో దొరకపట్టుడు కష్టం. మొదట్ల లైట్ల ముందట నిస్సా, ఆమెతోని వచ్చినోడు కలిసి బ్లేడ్‌తోని కొట్లాడే సీనుల మాత్రం దొరుకుతది. అక్కడ కొన్ని క్షణాలు మనుషులకు బదులు గ్రాఫిక్ బొమ్మలున్నయి, దునుకుతుంటే బరువు కనిపించది. నిజంగ కాలు లేపి తన్నిన చోట ఆ లోపం లేదు. డానీ యెన్ కొట్లాటలు కూర్చిండు, పిశాచాల గుంపుల స్నోమ్యాన్ అనేటోని వేషం కూడ ఆయనదే. బ్లేడ్ వేషం వేసిన వెస్లీ స్నైప్స్ ఒంటికే కరాటే తెలుసు, కటింగ్ మీద ఆధారపడే పని లేదు.

రంగుల సంగతి మా పనోళ్లు తప్పక చూడాలె. సినిమా అంత నీలం, తేనె పసుపు, ఈ రెంటి మధ్యనే తిరుగుతది. ప్రాగ్‌ల తీసిన్రు, ఆ పాత గోడలకు ఈ రెండు రంగులు మంచిగ కుదిరినయి. మా దగ్గర ఒక్క పెండ్లి వీడియోల పది రంగుల ఎఫెక్టులు పెడ్తరు, నాకు కడుపుల మండుతది.

రెండో డిస్కుల డెల్ టోరో నోట్‌బుక్ పేజీలున్నయి, రాక్షసుల బొమ్మలు, పక్కన చేతిరాత. మొదటి డిస్కుల, సినిమా నడుస్తుంటే తీసినోళ్లు మాట్లాడే కామెంటరీలు రెండు: ఒకటి ఆయన, నిర్మాత పీటర్ ఫ్రాంక్‌ఫర్ట్ కలిసి, ఇంకోటి రచయిత డేవిడ్ గోయర్, స్నైప్స్ కలిసి. మొదటిది వినుండ్రి. ఆయన మాటల రాక్షసుల మీద ప్రేమ దాగదు. నోమాక్ గదవను కూడా ఆయన వదిలిపెట్టలే, 2014ల మొదలైన ది స్ట్రెయిన్ టీవీ సిరీస్‌ల పిశాచాల నోట్ల నుంచి అట్లాంటి కొండే వస్తది.

మూడో భాగం 2004ల గోయర్ తనే డైరెక్ట్ చేసిండు. దాంట్ల నోమాక్ లాంటోడు లేడు, నేను రెండోసారి పెట్టలే. బ్లేడ్‌కు ఆయుధాలు చేసిచ్చే ముసలాయన విస్లర్‌గ చేసిన క్రిస్ క్రిస్టాఫర్సన్ 2024 సెప్టెంబర్‌ల పోయిండు. ఆ వారం బ్లేడ్ టూనే మళ్ల పెట్టిన, ఆయన కుంటుకుంట తుపాకి పట్టుకొని తిరిగే సీన్ల కోసం.

యూనిట్ల కొత్తగ చేరిన పోరగాండ్లకు డ్రైనేజీ సొరంగాల ఫైటు ముందు సౌండ్ బంద్ చేసి చూపిస్తున్న. ఎవడు ఎక్కడున్నడో మాటల్లేకున్నా అర్థమైతున్నదా లేదా అని అడుగుతున్న. తర్వాత పెండ్లి బారాత్ ఫుటేజీ ఇచ్చి కోయమంటున్న.