ముగ్గురూ సరిపోతేనే ఒప్పుకునే ఆట
బయట అడుగు పెట్టనివ్వని బెజవాడ ఎండల పుణ్యమా అని, 2018లో విడుదలైన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’ అనే డిటెక్టివ్ గేమును మా బావా నేనూ కలిసి పూర్తిచేశాము. 1807లో రేవుకు తిరిగివచ్చిన ఓడలో ప్రయాణించిన 60 మందిలో ఎవరెవరికి ఏమైందో తేల్చవలసిన ఈస్టిండియా కంపెనీ బీమా పరిశీలకుడి పాత్ర ఆడేవారిది. ముగ్గురి వివరాలు పూర్తిగా సరిపోతే తప్ప ఆట దేనినీ ఖరారు చేయదు కనుక, ఊహలతో నెట్టుకురావడం కష్టం. ఊయల పడకల మీది అంకెలను, మాటలోని యాసను సైతం గమనించవలసి ఉంటుంది. ఆ నలుపు తెలుపు చిత్రణ కళ్లకు శ్రమ అని బావ అభిప్రాయం. అనవసరపు మెరుగులు లేనందువల్లనే దృష్టి ఆధారాలపై నిలిచిందని నాది. నావికుల పట్టికలో భారతీయులు కనబడగానే, ముందు వారినే గుర్తించాలని ఇద్దరమూ పంతం పట్టాము, అది నెరవేరలేదు.