కొత్త లాప్‌టాప్ కొన్నారా? ముందు ఎఫ్ కీల సంగతి చూడండి

లెక్కలు రాసేవాళ్లు కొత్త లాప్‌టాప్ కొంటే, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వేయకముందే, పై వరుసలో ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండే ఎఫ్ కీలు ఎలా పనిచేస్తున్నాయో చూసుకోవాలి. ర్యామ్ ఎంత, ఎస్ఎస్‌డీ ఎంత అని అందరం అడుగుతాం. ఈ వరుస గురించి షాపువాళ్లు చెప్పరు, మనమూ అడగం. రోజంతా మన వేళ్లు తిరిగేది మాత్రం అక్కడే.

నేను రాణీగంజ్, బేగంబజార్‌లలోని కొన్ని షాపులకు ఇంటి దగ్గరి నుంచే లెక్కలు రాస్తాను. పైపు ఫిట్టింగులు, స్టీలు సామాన్లు, డ్రైఫ్రూట్స్ హోల్‌సేల్. ట్యాలీలో ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. తేదీ మార్చాలంటే ఎఫ్2. ఇన్నేళ్ల తర్వాత వీటిని తలుచుకుని నొక్కడమంటూ ఉండదు. కాగితం మీద నుంచి చూపు తిప్పకుండానే చెయ్యి పోయి ఆ కీ మీద పడుతుంది.

పాత లాప్‌టాప్ కీలు అరిగిపోయి, ఈమధ్య సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొత్తది తీసుకున్నాను. దాంట్లో ఎఫ్2 నొక్కితే సౌండ్ తగ్గుతోంది. ఎఫ్5 నొక్కితే స్క్రీన్ మసకబారుతోంది. ఎఫ్8 మీద విమానం బొమ్మ ఉంది. పదో తారీకు సాయంత్రం, తెల్లవారితే నెల అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీ రిటర్ను జీఎస్‌టీఆర్-1కు ఆఖరి రోజు. దూరంగా ఉన్న కంప్యూటర్‌ను ఇక్కడినుంచే నడిపించే ఎనీడెస్క్‌లో రాణీగంజ్ షాపు కంప్యూటర్‌లోకి వెళ్లి సేల్స్ బిల్లులు ఎక్కిస్తూ ఎఫ్8 నొక్కాను. ఫ్లైట్ మోడ్ ఆన్ అయి వైఫై ఆగిపోయింది, కనెక్షన్ తెగిపోయింది. అటునుంచి కుర్రాడు ఫోన్. "మేడం, మీ లైన్ కట్ అయింది. ఆఖరి బిల్లు ఎక్కిందా, లేదా?" నెట్ మళ్లీ వచ్చేదాకా ఒకటే టెన్షన్.

మా అక్క కొడుకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. "ఎఫ్ఎన్ పట్టుకుని నొక్కు పిన్నీ, రెండ్రోజుల్లో అలవాటైపోతుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎఫ్ కీ తన అసలు పని చేయాలంటే కలిపి పట్టుకోవాల్సిన ఈ ఎఫ్ఎన్ కీ ఉండేది కింది వరుస ఎడమ మూల, ఎఫ్8 పై వరుస మధ్యలో. ఒక్క చేత్తో అందదు. నా కుడి చెయ్యి నంబర్ ప్యాడ్ మీద ఉంటుంది, ఎడమ చెయ్యి బిల్లులు తిప్పుతుంది. పీరియడ్ మార్చే ఆల్ట్ ఎఫ్2కు ఇక మూడు కీలు కావాలి. ఎక్సెల్‌లో సెల్ సరిచేయడానికి ఎఫ్2, ఫార్ములాలో డాలర్ గుర్తు పెట్టడానికి ఎఫ్4 పదేపదే వాడేవాళ్లకూ ఇదే అవస్థ. సౌండ్ తగ్గించడం రోజుకు ఒకటి రెండుసార్లు ఉండే పని. పేమెంట్ ఎంట్రీలు రోజంతా ఉంటాయి. అప్పుడప్పుడూ చేసే పనికి ఒక్క కీ ఇచ్చి, రోజంతా చేసే పనికి రెండు కీలు పెట్టడం న్యాయం కాదని నా ఉద్దేశం.

అసలు ఈ కీలు పుట్టిందే ప్రోగ్రాముల కోసం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డులో ఇవి పదే ఉండేవి, అదీ ఎడమ పక్కన రెండు నిలువు వరుసల్లో. తర్వాత పన్నెండై పైకి ఎక్కాయి. ఏ ప్రోగ్రాం తెరిస్తే ఆ ప్రోగ్రాం వాటికి తన పని అప్పగించుకునేది. లాప్‌టాప్‌లో చోటు తక్కువ కాబట్టి సౌండు, వెలుతురు బొమ్మలు కూడా వీటిమీదికే వచ్చాయి. అంతవరకు బాగానే ఉంది. సినిమాలు చూసేవాళ్లకు ఆ బొమ్మలే ముందు కావాలి, నేను కాదనను. మనకు అక్కర్లేదు, అందుకే మార్చుకోవాలి.

విండోస్ సెట్టింగ్స్‌లో మాత్రం వెతకకండి. సాధారణంగా ఎఫ్ఎన్ కీ సంగతి లాప్‌టాప్ లోపలి చిన్న కంట్రోలరే చూసుకుంటుంది, విండోస్ దాకా రానివ్వదు. ముందు ఎస్కేప్ కీ మీద తాళం బొమ్మ గానీ, ఎఫ్ఎన్ లాక్ అన్న అక్షరాలు గానీ ఉన్నాయేమో చూడండి. ఉంటే ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి ఒక్కసారి నొక్కితే చాలు. డెల్, లెనొవో, ఆసుస్‌లలో చాలా మోడళ్లకు ఇదే దారి. తిరిగి మామూలుగా కావాలంటే మళ్లీ అవే నొక్కాలి.

అలా కుదరకపోతే బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే లాప్‌టాప్ సొంత సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. హెచ్‌పీలో పవర్ బటన్ నొక్కిన వెంటనే ఎస్కేప్, ఆ తర్వాత ఎఫ్10. లోపల సిస్టమ్ కాన్ఫిగరేషన్ కింద యాక్షన్ కీస్ మోడ్ ఉంటుంది, దాన్ని డిసేబుల్ చేయాలి. లెనొవో ఐడియాప్యాడ్‌లో ఎఫ్2తో వెళ్తే కాన్ఫిగరేషన్ కింద హాట్‌కీ మోడ్ అని ఉంటుంది. ఏసర్‌లో ఫంక్షన్ కీ బిహేవియర్ అంటారు, మీడియా కీ తీసేసి ఫంక్షన్ కీ పెట్టాలి. మోడల్‌ను బట్టి పేర్లు అటూఇటూ ఉంటాయి, ఈ అర్థం వచ్చే మాట కోసం చూడండి. పవర్ ఆన్ చేసి కీ నొక్కేలోపే విండోస్ వచ్చేస్తుంటే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ మీదుగా వెళ్లి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ నొక్కితే నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది. మ్యాక్ వాడేవాళ్లకు ఈ బాధ లేదు, కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని సమాచారానికి వేసే తాళం, ముందే ఆన్‌లో ఉంటుంది. బయోస్‌లో కొన్నిరకాల మార్పులు చేస్తే ఆ తాళం తీయడానికి 48 అంకెల రికవరీ కీ అనే నంబర్ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి దాన్ని ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎఫ్ కీల లైను తప్ప ఇంకేదీ ముట్టుకోకండి. పన్ను కట్టే నెలవారీ రిటర్ను జీఎస్‌టీఆర్-3బీ వేసే 20వ తారీకు దగ్గరపడ్డాక అసలే పెట్టుకోకండి ఈ పని, ఆదివారం నిదానంగా చేసుకోండి.

నాకు ఎఫ్ఎన్, ఎస్కేప్‌తోనే పని అయిపోయింది. ఇప్పుడు సౌండ్ కావాలంటే ఎఫ్ఎన్ పట్టుకుంటాను, లేదంటే స్క్రీన్ మూలన ఉన్న స్పీకర్ గుర్తు మీద మౌస్‌తో నొక్కుతాను.

అమీర్‌పేటలో ట్యాలీ నేర్పేవాళ్లకు ఒక మనవి. పిల్లలు మీ దగ్గర డెస్క్‌టాప్ కీబోర్డు మీద నేర్చుకుంటారు. ఉద్యోగంలో చేరిన రోజు లాప్‌టాప్ చేతికిస్తారు. ఎఫ్8కు సేల్స్ రాకపోతే తమకే పని రాదనుకుని, పక్కవాళ్లను అడగడానికి సిగ్గుపడేవాళ్లను చూశాను. వోచర్లు మొదలుపెట్టే రోజే ఈ తాళం సంగతి కూడా ఒక ఐదు నిమిషాలు చెప్పండి.